రెండు వేళ్ళ సందు

వాల్పరైసోలో మా ఇల్లు
కొండకి మేకు కొట్టి తగిలించినట్టుంటుంది.
కింద రేవు. పైన పొగమంచు.
మధ్యలో రేకు గోడల గదిలో
పన్నెండు వందల నలభై రికార్డులు, ఒక పిల్లి, నేను.

ముప్పై ఒక్క ఏళ్ళు కస్టమ్స్‌లో గుమాస్తాని.
ఏ పెట్టె ఏ ఓడలోంచి దిగిందో
నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని.
అందుకని నా పాటలకీ ఒక చిట్టా ఉంది:
నల్ల అట్ట, ఎర్ర గీతలు,
వరస సంఖ్య, కొన్న తేదీ, కొన్న చోటు,
చివరి గడిలో "గీతలు పడ్డాయా?"
పడ్డాయి అని రాయాల్సి వచ్చినప్పుడల్లా
పెన్ను కాస్త నసిగేది.

నియమాలు తక్కువే.
పడుకోబెట్టకూడదు.
ఒకదాని మీద ఒకటి పేరిస్తే అడుగుదాని నడుం వంగుతుంది,
ఆ తర్వాత అదేం పాడినా మూలిగినట్టే ఉంటుంది.
ఒరగనివ్వకూడదు. అలాగని కూరెయ్యకూడదు,
రెండు వేళ్ళు దూరేంత సందుండాలి.
ఎండ తగలకూడదు.
సముద్రపు చెమ్మకి అట్టల మీద తెల్లగా బూజు లేస్తుంది,
నెలకోసారి మెత్తటి గుడ్డతో తుడవాలి,
పసిబిడ్డకి చెవుల వెనక తుడిచినట్టు.
పిల్లికి మాత్రం ఏ నియమాలూ లేవు.

అరలు చేసింది బాల్దొమేరో, పడవలు చేసే వడ్రంగి.
"ఇది మునగదు" అన్నాడు మెరుగు పెడుతూ.
"అరలు మునగవయ్యా, పడతాయి" అన్నాను.
ఇక్కడ భూమి నిద్రలో అటూ ఇటూ దొర్లుతుంది మరి.
అతను నవ్వి, ప్రతి అరకీ అడ్డంగా తాడు కట్టి
నావికుల ముడి వేసిపోయాడు.
అది విప్పడం నేర్చుకునేసరికి వారం పట్టింది.
ఆ వారమంతా
రేవులో ఓడల కూతలే విన్నాను.

ఆగస్టులో ఒక రాత్రి, రెండూ నలభైకి,
కొండ ఒళ్ళు విరుచుకుంది.
అర మునగలేదు, పడనూ లేదు.
తాడు తెగిందని అందరికీ చెప్పాను.
నిజానికి ఆ రాత్రి బద్ధకించి
ముడి వెయ్యలేదు.

తెల్లారేసరికి అట్టలు ఒక దిక్కు, ప్లేట్లు ఒక దిక్కు.
నేలంతా నల్లగా నిగనిగలాడుతోంది.
విరిగినవి పద్దెనిమిది.
ఎదురింటి రాయెన్, పద్నాలుగేళ్ళది,
చీపురు పట్టుకుని వచ్చింది.
ఇది చీపురుతో అయ్యేది కాదని
చీపురు గోడకి ఆనించి చతికిలబడింది.
మూడు రోజులు సర్దాం.
నా కళ్ళజోడు కూడా పగిలిందని దానికి చెప్పలేదు.
తాను చీటీలు చదవడం లేదని
అది నాకు చెప్పలేదు:
నీలం చీటీది నీలం అట్టలోకి,
ఎర్రది ఎర్రదాన్లోకి,
ఏ రంగుకీ అతకనివి
పిల్లి బొమ్మ ఉన్న అట్టల్లోకి.

సెప్టెంబరులో ఒక ఆదివారం
ముప్పై నాలుగో నంబరు తీశాను.
విధవరాలి బొలేరో అది, వానలకి బాగుంటుంది.
సూది దించానో లేదో
సైనికుల బ్యాండు!
పిల్లి బల్ల కిందకి దూరింది.
నేను కుర్చీ కోడు పట్టుకుని
కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాను.

సరిచేద్దామని చిట్టా తీశాను.
మొదటి పేజీ అంతా కొట్టేశాను.
రెండో పేజీ దగ్గర చెయ్యి ఆగింది.
పెట్టె మీద ఒకటీ లోపల ఒకటీ ఉంటే
నా ఉద్యోగంలో ఒక్కసారి కూడా వదల్లేదు,
జరిమానా రాసేదాన్ని.
కొత్తగా పెళ్ళయిన ఒకతని దగ్గర కూడా,
రేడియో అని రాసి
లోపల అకార్డియన్ తెచ్చాడని.

ఇప్పుడు చివరి గడి పక్కన ఇంకో గడి గీశాను:
"లోపలేముంది?"
విన్నాకే నింపాలి. రోజుకొకటి.
ఇవాళ్టికి రెండు వందల పదకొండు అయ్యాయి.
మిగతావి ఇంకా తెరవని సరుకు.

రాయెన్ సాయంత్రాలు వస్తుంది.
తాను సర్దిన అరలకేసి యజమానురాలిలా చూస్తుంది.
నేనేం అనను.
నిన్న దానికి ఆ ముడి నేర్పాను.
వారం పట్టలేదు, రెండో సారికే వచ్చేసింది.
వెళ్తూ తాడు లాగి చూసి
"గట్టిగానే ఉంది" అంది.

అరలో అన్నీ నిలువుగానే ఉన్నాయి.
కుర్చీలో నేనే
కాస్త ఒరిగి.